ముందు నాలుగూ నావి కావు

చిన్న సిస్టరు ఆ వార్డులో చేరి మూడు వారాలే అయింది. ఆపరేషనుకు వెళ్ళేవాళ్ళ దగ్గర కాగితం నింపడం ఆమె పని. ఉంగరాలు తీశారా, గోళ్ళ రంగు తుడిచారా, పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా, కట్టుడు పళ్ళున్నాయా. మొదటి మూడింటికీ జనం ఠక్కున జవాబిస్తారు. నాలుగోది అడిగేసరికి, దొంగసొత్తు ఎక్కడ దాచావని నిలదీసినట్టు మొహం మాడ్చుకుంటారు. ఒకాయనైతే "నీవన్నీ నీవేనా?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

"పక్కన మనుషులుండగా అడక్కు. వంగి చెవిలో అడుగు" అని పెద్ద సిస్టరు మొదటిరోజే చెప్పింది. ఆ ఉదయం ఆరో మంచం దగ్గర ఆ మాట గుర్తు చేసుకునే తీరిక లేకపోయింది. తొమ్మిదిలోపు ముగ్గురిని పంపాలి. స్ట్రెచరు అప్పటికే గుమ్మంలో ఉంది.

ఆరో మంచం మీద కుట్టుపని నేర్పే టీచరమ్మ. అరవై దాటాయి. కడుపులో రాళ్ళు తీయాలి. పక్కన స్టూలు మీద ఆమె భర్త. ముప్పై ఏళ్ళకు పైగా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. భార్య పేరులో దీర్ఘం ఎగరగొట్టారని ఆసుపత్రి ఫైలుని కూడా సొంత పెన్నుతో దిద్దుతున్నాడు.

"కట్టుడు పళ్ళేమైనా ఉన్నాయా అమ్మా?"

టీచరమ్మ నోరు విప్పేలోపే ఆయన అందుకున్నాడు. "భలేదానివమ్మాయ్! ఈవిడ పలువరస చూసే కదా నేను పెళ్ళికి ఊఁ అన్నది! నా కళ్ళుగప్పి ఏదైనా ఉంటుందా?"

"లేవు, రాసుకో" అంది టీచరమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చూపు సిస్టరు మొహం మీదే నిలబడిపోయింది. ఆ చూపులో ఏదో ఉందని సిస్టరుకు తెలిసింది.

"బాబాయిగారూ, మీరోసారి బయటికి వెళ్ళి..."

"ఎందుకు? నేనిక్కడే ఉంటానమ్మా, ఆవిడకి భయం."

ఆయన స్ట్రెచరు పట్టుకుని థియేటరు తలుపు దాకా నడిచాడు. తలుపు మూసుకోగానే టీచరమ్మ సిస్టరు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముందు నాలుగూ నావి కావు తల్లీ. మెట్ల మీద పడ్డాను, ఆయన వాళ్ళ చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు. వచ్చేలోపు పెట్టించేసుకున్నాను. పన్నెండేళ్ళయింది. తీసి నీ దగ్గరే ఉంచు. ఆయన చేతికి మాత్రం ఇవ్వకు."

"నా దగ్గరే ఉంచుతానమ్మా" అని చిన్న సిస్టరు మాటిచ్చింది.

ఇవ్వడమైతే ఇచ్చింది కానీ, ఆ మాట నిలబెట్టుకోవడం ఆమె చేతిలో లేదు. పళ్ళ సెట్టు తీసి డబ్బాలో పెట్టిన థియేటరు ఆయమ్మ దాన్ని వదల్లేదు.

"పేషెంటు వస్తువు పేషెంటు మనుషులకే ఇవ్వాలి, సంతకం పెట్టించుకోవాలి. నీకిస్తే రేపు పోయిందంటే నన్నడుగుతారు."

"నేను చూసుకుంటా కదా ఆయమ్మా!"

"మూడు వారాల దానివి, నువ్వేం చూసుకుంటావే?"

ఇంతలో వార్డులోంచి పిలుపు. తొమ్మిదో మంచం ఆయన సెలైన్ సూది పీకేసుకున్నాడట. అతగాడి చేతికి కట్టుకట్టి పరుగెత్తుకొచ్చేసరికి, వరండాలో ఆయమ్మ గొంతు ఖంగున మోగుతోంది.

"ఆరో నంబరు తాలూకు ఎవరండీ? పళ్ళు తీసుకుని సంతకం పెట్టండి!"

బెంచీల మీదున్న పాతికమంది తలలూ తిరిగాయి. ప్రూఫులాయన నవ్వుతూ లేచాడు. "ఆరో నంబరు మేమే గానీ, పళ్ళు మావి కావమ్మా. ఎక్కడో తప్పు పడింది, సరిచూసుకో."

ఆయమ్మ డబ్బా ఆయన కళ్ళముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని దాని మీది పేరు చీటీ చదివాడు. ఒక్కో అక్షరమూ చదివాడు. ఎవరో ఫైలు చూసి రాసినట్టున్నారు, దీర్ఘం కూడా పెట్టారు. దిద్దడానికి ఏమీ లేదు. సంతకం పెట్టాడు.

సిస్టరు ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఏం చెయ్యాలో తెలియక చేతులు జేబుల్లో పెట్టుకుంది.

"నీకు తెలుసా?" అన్నాడాయన.

"లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పారండీ."

"పొద్దున చూసిన పిల్లకి చెప్పింది." ఆయన డబ్బాని బెంచీ మీద పెట్టబోయి, అందరూ చూస్తున్నారని ఒళ్ళోకి లాక్కున్నాడు. "పడితే దెబ్బ తగిలుండదూ? పెదవి చిట్లి ఉండదూ? నేనొచ్చి ఏం చూశానో మరి... ఇప్పుడెలా అడగాలమ్మాయ్? అసలు అడగొచ్చా? మీకు నేర్పుతారు కదా, ఎలా అడగాలో."

"మాకు 'ఉన్నాయా' అని అడగడం వరకే నేర్పారండీ."

ఆయన డబ్బా మీది చీటీ ఇంకోసారి చదివాడు. తర్వాత డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే ఇచ్చెయ్. నేను చూడలేదని చెప్పు."

మధ్యాహ్నం టీచరమ్మకు పూర్తిగా తెలివొచ్చింది. దుప్పటి ముక్కు దాకా లాక్కుని పడుకుంది. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. సిస్టరు తెర లాగి డబ్బా అందించింది. టీచరమ్మ పళ్ళు సర్దుకుంది.

"ఆయన చూశారా?"

"లేదమ్మా."

"మరి నా వైపు తిరగరేం?"

సిస్టరు సెలైన్ చుక్కలు లెక్కపెడుతున్నట్టు కాసేపు పైకి చూసింది. ఇక చెయ్యగలిగిందేమీ లేక తెర తీసేసింది.

ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. భార్య నుదుటి మీద చూపు నిలిపి, "నొప్పిగా ఉందా?" అన్నాడు.

"ఊహూఁ" అంది ఆమె, పెదవులు విప్పకుండా.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఏదో అడగబోతున్నాడని ఇద్దరు ఆడవాళ్ళకీ తెలిసింది. టీచరమ్మ పిడికిట్లో దుప్పటి ముడతలు పడింది.

"దాహంగా ఉందా?" అన్నాడు.

"ఊహూఁ."

తర్వాత ఇద్దరూ ఒకేసారి చిన్న సిస్టరు వైపు చూశారు, మిగతాది ఆమె చెబుతుందేమో అన్నట్టు. ఆమె నాడి చూసి, కాగితం మీద అంకె వేసి, ఏడో మంచానికి వెళ్ళిపోయింది.