ముందే కూర్చున్న మందు

ఆ గురువారం హోబార్ట్‌లోని మా పరీక్షాశాలలో నా ముందుకు వచ్చిన నివేదికలో లోపం ఒక్కటే: అది అబద్ధం. మెరిన్ కుసాక్ ఎముక మజ్జలో క్యాన్సర్ కణాలు లేవని అందులో ఉంది. నేను సంతకం చేస్తే, ఆమె చేరిన కొత్త మందు ప్రయోగం నియమం ప్రకారం సోమవారం నుంచి ఆమెకు ఆ మందు ఆపేస్తారు.

మా పని చెప్పడానికి సులువు. రోగనిరోధక కణాల పైపొర మీద గ్రాహకాలుంటాయి; మెరిన్ క్యాన్సర్ పుట్టింది ఆ కణాల్లోనే. మెరిసే రంగు తగిలించిన ప్రతిరక్షకం, అంటే యాంటీబాడీ, తన గ్రాహకాన్ని వెతికి పట్టుకుంటుంది. లేజర్ ముందుకు రాగానే ఆ కణం వెలుగుతుంది. మెరిన్ కణాలు వెలగలేదు. వెలగవు కూడా. ఆమెకు ఎక్కిస్తున్న మందు సైతం ప్రతిరక్షకమే. మాది కూర్చోవలసిన చోట అది ముందే కూర్చుంది. రోగం పోలేదు, మా కంటికి ఆనకుండా పోయింది.

ఈ సంగతి మా డైరెక్టర్ ఆంగస్ టల్లక్‌కు చెప్పాను. ఆ మందు ప్రయోగానికి పెద్ద అతనే. వచ్చే వారం అడిలైడ్ సదస్సులో, నయమైనవారి సరసన మెరిన్‌ను కూడా చూపించాలని అతని ఆత్రం. యంత్రానికి పక్షపాతం ఉండదని నాకు బోధించాడు. ఆ యంత్రం వాడకం అతనికి నేర్పినది నేను.

"సంతకం పెట్టెయ్ డోరతీ. నీకు అన్నింట్లోనూ పురుగులే కనిపిస్తాయి."

"వెతకమనే కదా, ఆంగస్, జీతమిస్తున్నారు. వద్దనుకుంటే నా కుర్చీలో ఓ పూలకుండీ పెట్టుకో, అది ఏమీ అనదు."

మిగిలిన మజ్జతో అతని ఎదుటే పరీక్ష మళ్ళీ చేశాను. ఈసారి మందు తాకని మరో గ్రాహకానికి అంటుకునే ప్రతిరక్షకాన్ని ఎంచుకున్నాను. ఇందాక ఖాళీగా ఉన్న తెర మీద చుక్కలు గుంపుగా లేచాయి. వాటిని చూసి కూడా, సదస్సు అయ్యేదాకా ఆగుదామన్నాడు ఆంగస్. అజ్ఞానమైతే క్షమించేదాన్ని.

మెరిన్ వైద్యురాలికి ఫోన్ చేశాను. మెరిన్ అప్పుడు ఆవిడ గదిలోనే ఉంది. విషయం విని తనే ఫోన్ తీసుకుంది.

"పోయిందన్నారుగా?"

"తప్పు చెప్పాం, నా సంతకం పడకముందే. ఇంకా ఉంది. మందు ఆపకూడదు."



"పోయిందని నా చెయ్యి పట్టుకుని ఊపాడే, ఆ దొర ఎక్కడ?"

"నా పక్కనే."

"ఫోన్ ఆయనకియ్యి తల్లీ."

ఆంగస్ చేతిలో పెట్టాను. అతను ఫోన్ చెవికి ఆనించుకోగానే, సరిదిద్దిన నివేదిక మీద సంతకం చేసి పంపేశాను.