ఇంటి సాలు, మండీ సాలు

పెండ్లికి పూలు ఎంచడం ఒకప్పుడు ముసలమ్మల పని. వాసన చూసి, మొగ్గ గిల్లి, మూర కొలిచి తీసుకునేవాళ్లు. ఇప్పుడు ఆ పెద్దరికమంతా ఫోనుకు దక్కింది. తిరుపతిలో పెండ్లి మంటపాలు అలంకరించే గుణశేఖర్ దుకాణంలో కూర్చుని, పెండ్లికూతురు లోహిత తెర మీద బొమ్మలు జరుపుతోంది. పక్కన అక్క కోమలి, కోమలి ఒడిలో మూడేళ్ల జాహ్నవి. చేతిలో పట్టుకునే బొకే ఎలా ఉండాలి, పెండ్లికూతురి ముందు నడిచే పాప బుట్టలో ఏ రేకులు పోయాలి, అన్నీ ఆ పూటే తేలాలి.

“లేత రంగు రోజాలే కావాలన్నా. ఫొటోలో దగ్గరగా పడతాయి. ఒక్క మచ్చ గానీ, పురుగు కొరికిన రేకు గానీ ఉండకూడదు” అంది లోహిత.

“నాకొదిలెయ్యి మ్మా. పూల మండీకి గట్టిగా చెప్తాను” అన్నాడు గుణశేఖర్.

ఇందులో తప్పేముందని మీరు అడగవచ్చు. పెండ్లి ఒక్కసారే కదా, అందంగా ఉండాలనుకోవడం నేరమా? కాదు. అయితే ఆ కోరిక ఎక్కడెక్కడ తిరిగి ఎవరి గుమ్మం తొక్కిందో కూడా వినండి.

లోహిత తండ్రి దామోదరం రోజాల రైతే. పలమనేరు దగ్గర ఆయన తోట. ఆ తోటలో ఒక కట్టుబాటు ఉంది. బోరు పక్కన మొక్కల వరస, ఒక సాలు, ఇంటిది. దాని మీద పురుగుమందు చుక్క పడదు. దేవుడి పటానికీ, ఆడవాళ్ల కొప్పుకీ ఆ సాలు పూలే. పిల్లలు ఆడుకునేదీ దాని దగ్గరే. మిగతా తోటంతా మండీది. అందులోకి పిల్లలను అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. ఎవరైనా కదిలిస్తే, “పూలు తినేవి గావు గదప్పా” అని నవ్వేసేవాడు. ఇంటికొక న్యాయం, సంతకొక న్యాయం అని ఆయనకు తోచలేదనను. తోచినా తువ్వాలు దులిపినట్టు దులుపుకునేవాడు.

పెండ్లికి రెండు రోజుల ముందు మండీ నుంచి ఫోను వచ్చింది. తిరుపతిలో పెద్ద పెండ్లి, లేత రోజాలు కావాలి, ఒక్క మచ్చ ఉన్నా వెనక్కి పంపుతారు అని. ఆ ఏడు పురుగు ఎక్కువగా ఉంది. దామోదరం సాయంత్రమే మందు కొట్టి, తెల్లవారగానే కోయించాడు. మందు కొట్టాక కొన్నాళ్లు ఆగాలని డబ్బా మీద రాసే ఉంది. ఆగితే పువ్వు విచ్చుకుపోతుంది. తన కూతురి పెండ్లి పూలు గుణశేఖర్ ఎక్కడి నుంచో తెస్తాడులే, తిరుపతిలో రోజూ ఎన్ని పెండ్లిళ్లు కావు, ఇది ఎవరిదో అనుకున్నాడు. తడి పేపరులో చుట్టి, భార్య వసంతమ్మ పాత పచ్చచీర పేలికలతో కట్టలు కట్టి పంపేశాడు.

ముహూర్తం పగటిదే. తిరుపతి కల్యాణమంటపం నిండుగా ఉంది. లోహిత బొకే పట్టుకుని నడిచి వస్తుంటే, ముందు జాహ్నవి చిట్టి చేతులతో అవే రోజాల రేకులు చల్లుతూ వచ్చింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. “పూలు బలే ఉండాయి బావా. ఒక్క మచ్చ లేదు సూడు” అన్నాడు కొత్త వియ్యంకుడు సుందరరాజు. దామోదరం మురిసిపోయాడు.

తాళి కట్టడం అయ్యాక, తాంబూలం సంచుల కోసం ఆయన వెనక గదిలోకి పోయాడు. మూలన తడి పేపర్లు కుప్పగా పడి ఉన్నాయి. వాటి మీద పచ్చచీర పేలికలు.

వంగి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. అంచు మీద వసంతమ్మ చీర జరీ గీత. తన చేత్తో కట్టిన కట్టలవే. ఉరుకుతున్నట్టే బయటికి వచ్చాడు. జాహ్నవి కుర్చీ ఎక్కి కూర్చుని, బుట్టలో మిగిలిన రేకులు ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని నములుతోంది. బోరు పక్కన సాలులో ఆడుకున్న పిల్ల. రేకులు నమిలినందుకు దాన్ని ఏనాడూ ఎవరూ కోప్పడలేదు.

బుట్ట లాక్కుని, నోట్లో వేలు పెట్టి కక్కించబోయాడు. పిల్ల గట్టిగా ఏడ్చింది.

“ఏంది నాయనా, అందరి ముందరా?” అంది కోమలి.

దామోదరం బుట్టను వెనక్కి దాచాడు. “ఏం లేదు మ్మా. గొంతుకు అడ్డం పడతాదని” అన్నాడు. పాప నోరు కడిగించి పక్కనే కూర్చున్నాడు. నాలుగు రేకులకు ఏమవుతుందిలే అని తనకు తానే చెప్పుకున్నాడు. పాప ముఖం మీది నుంచి చూపు మాత్రం తిప్పలేకపోయాడు.

భోజనాల వేళకు పాప నోటి వెంట చొంగ ఆగకుండా కారింది. తర్వాత వాంతి అయింది. ఫ్యాను కింద కూడా ఒళ్లంతా చెమట. ఎండ దెబ్బ అన్నారొకరు. లడ్డు ఎక్కువ పెట్టారన్నారు ఇంకొకరు. “దిష్టి తగిలుంటాది. ఇంతమంది కండ్లు పడె” అంటూ వసంతమ్మ ఉప్పూ మిరపకాయలూ వెతుక్కుంటూ పోయింది.

నిజం తెలిసినవాడు ఆ మంటపంలో ఒక్కడే. నోరు విప్పితే, తాళి కట్టిన పూటే పెండ్లికూతురి తండ్రి విషం అమ్మేవాడని కొత్త చుట్టాల ముందు తేలిపోతుంది. లోహిత ఆ ఇంట్లో ఏ ముఖంతో తిరుగుతుంది? విప్పకపోతే? దామోదరం పాప కనురెప్ప ఎత్తి చూశాడు. నల్లగుడ్డు నడుమ కంటిపాప కుంచించుకుపోయి ఆవగింజంత అయింది. మందు కొట్టే కూలీ ఒకడు గట్టు మీద పడిపోయిన రోజున ఆయన అదే చూశాడు.

“దిష్టి గాదు” అన్నాడు. “మందు. ఈ పూలు నా తోటవి. కోసే ముందటి సాయంత్రం నేనే మందు కొట్టినాను.”

సుందరరాజు కారు తాళాలు తీశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడగకముందే దామోదరం మందు పేరూ, కొట్టిన పొద్దూ చెప్పేశాడు. పాపను లోపలికి తీసుకుపోయారు. బయట బల్ల మీద కోమలి తండ్రికి దూరంగా కూర్చుంది. ఆయన అది చూశాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాడు. అంత భయం ఆయన జన్మలో ఎరగడు.

పొద్దు వాలేటప్పటికి పాప నీళ్లు అడిగింది.

“గండం గడిచింది” అంది డాక్టరమ్మ. “మందు పేరు చెప్పారు కాబట్టి ఏం చెయ్యాలో వెంటనే తెలిసింది. దిష్టి తీస్తూ కూర్చుని ఉంటే నేనేమీ చెప్పలేకపోయేదాన్ని.”

పెండ్లి చీరతోనే వచ్చిన లోహిత తండ్రి పక్కన కూలబడింది. “మచ్చ ఉండకూడదని అడిగింది నేనే నాయనా. నా మాటే గుణశేఖరన్న మండీకి చెప్పినాడు. మండీ నీకు చెప్పింది.”

“నువ్వు మచ్చ లేని పువ్వు అడిగినావు మ్మా. ఆగాల్సినన్ని దినాలు ఆగకుండా కోసింది నేను.” దామోదరం తన చేతుల వంక చూసుకున్నాడు. “మన జాహ్నవికి తాత ఈడ ఉన్నాడు, మందు పేరు చెప్పినాడు. ఇన్నేండ్లూ నేను పంపిన పూలు ఎన్ని పెండ్లిళ్లకు పోయినాయో. ఆడ ఏ బిడ్డయినా నోట్లో పెట్టుకొనుంటే, వాళ్ల తాతకు ఆ పేరు యాడ తెలుస్తాది?”

కోమలి లేచి వచ్చి తండ్రికి రెండో పక్కన కూర్చుంది. ఆయన కండ్లు తుడుచుకుని అన్నాడు: “ఇంక మన తోటలో ఇంటి సాలు, మండీ సాలు అని రెండుండవు మ్మా. మన బిడ్డ నోటికి పనికిరాని పువ్వు ఎవరి పెండ్లికీ పనికిరాదు.”