పెట్టెకు తక్కువ ఇవ్వరు

నేను ఒక మందు సీసాను. బొటనవేలంత ఉంటాను. నా కడుపులో కనబడేది అడుగున పేరుకున్న కాస్త తెల్లటి పొడి మాత్రమే. ఉప్పనుకునేరు, కాదు. పాము కరిచినవాళ్ళకు ఎక్కించే విరుగుడు మందును. మీలో చాలామంది నన్ను చూసి ఉండరు. చూడవలసిన అవసరం మీకెప్పుడూ రాకూడదనే కోరుకుంటాను.

ముందే ఒక సంగతి చెప్పాలి. నేను వట్టి పిరికిదాన్ని. అది నా తప్పు కాదు, పుట్టుకతో వచ్చింది. నా పుట్టిల్లు ఒక గుర్రం ఒళ్ళు. పాము కోరల నుంచి విషం పిండి, దాన్ని చుక్క చుక్కగా ఆ గుర్రానికి ఎక్కించారు. గుర్రం చావలేదు. దాని నెత్తురు విషంతో పోట్లాడటం నేర్చుకుంది. ఆ నెత్తుటిని తీసి, వడగట్టి, ఎండబెట్టి, సీసాలో పోసి మూతి బిగిస్తే నేను. సూది పట్టుకున్న మనిషి దొడ్డి గుమ్మంలో కనబడగానే ఆ గుర్రం చెవులు వెనక్కి వాల్చి వణికేది. దాని బలం నాకు వచ్చిందని పెట్టె మీద అచ్చువేశారు. వణుకు కూడా వచ్చిన సంగతి ఎక్కడా వేయలేదు.

పుట్టిన మర్నాడే నా పొట్ట మీద ఒక కాగితం అంటించి, అందులో నేను పనికిరాకుండా పోయే తేదీ రాశారు. మనుషులు ఈ విషయంలో అదృష్టవంతులు. వాళ్ళ తేదీ వాళ్ళకు తెలియదు. మేం ఇరవై నాలుగు సీసాలం ఒకే అట్టపెట్టెలో, ఒకరి తేదీ ఒకరం చూసుకుంటూ పట్నంలోని మందుల ఏజెంటు గోడౌనుకు చేరాం.

మినిమం ఆర్డరు అనే మాట మొదటిసారి విన్నది అక్కడే. కంపెనీ ఏజెంటుకు వంద పెట్టెలకు తక్కువ ఇవ్వదు. ఏజెంటు ఆస్పత్రికి పెట్టెకు తక్కువ ఇవ్వడు. లారీ యజమాని సగం లోడుకు బండి కదపడు. అందరికీ ఒక లెక్క ఉంది, ఆ లెక్కకు తగ్గితే గుమ్మం కూడా దిగరు. పాము ఒక్కటే ఏ షరతూ పెట్టకుండా, ఒక్క మనిషి దొరికినా చాలనుకుని, తన సరుకు ఇచ్చి వెళ్ళిపోతుంది.

నడిమేరకలో చిన్న ఆస్పత్రి నడుపుతున్న డాక్టర్ హైమావతి ఫోను చేసి పది సీసాలు అడిగింది. ఏజెంటు చెడ్డవాడేమీ కాదు. పెట్టె విప్పితే మిగిలిన పద్నాలుగూ ఎవరికి అమ్ముకోనమ్మా అని నెమ్మదిగానే అడిగాడు. తేదీ దాటినవి వెనక్కి తీసుకునేది లేదని కంపెనీవాళ్ళు ముందే సంతకం పెట్టించుకున్నారట. ఆవిడకు ఆ బాధ తెలియనిది కాదు. అంతకు రెండేళ్ళ ముందు ఒక్కతే పెట్టె మొత్తం కొంటే, ఆ యేడు పాములు కరుణించాయో ఏమో, సగం సీసాలు తేదీ దాటిపోయాయి. ఆస్పత్రి వెనక గొయ్యి తవ్వించి పూడ్పించింది. గోడౌను చీకట్లో ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కలలో కూడా గొయ్యే.

ఈసారి ఆవిడ ఒక ఉపాయం ఆలోచించింది. చుట్టుపక్కల ఊళ్ళలోని మరో ఐదుగురు డాక్టర్లను కలుపుకుని, ఆరుగురూ కలిసి ఒక పెట్టె తెప్పించారు. బాగానే ఉంది. పెట్టె వచ్చాక ఎక్కడ ఉంచాలన్న దగ్గర వచ్చింది చిక్కు. అన్నీ ఒక్కచోట, నడిమేరకలోనే ఉంచుదామంది హైమావతి. కాటు పడిన మనిషికి మొదట పది సీసాలు ఎక్కించాలి, అవసరమైతే ఇంకో పది, అందుకని విడదీయవద్దంది. అందరూ తలలూపారు గాని ఎవరి మనసూ ఒప్పుకోలేదు.

ఆ సీమలో ఒక పద్ధతి ఉంది. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు ఊరంతా దిగి చేపలు పడతారు. పట్టినవన్నీ గట్టు మీద సమానంగా కుప్పలు పోసి, తలో కుప్ప తీసుకుపోతారు. ఎవరి వాటా వాళ్ళ గంపలో పడితేగాని ఎవరికీ నిద్రపట్టదు. చదువుకున్న డాక్టర్లయినా వాళ్ళు కూడా ఆ గట్టు మీద పెరిగినవాళ్ళే. అందరిలోకీ పెద్దాయన, రేగులంక డాక్టరు పూర్ణానందంగారు గొంతు సవరించుకున్నారు.

“మా వాటా మా కళ్ళ ముందు ఉంటేనే మాకు ధైర్యమమ్మా, హైమావతీ.”

దాంతో బల్ల మీద మమ్మల్ని ఆరు కుప్పలు పోశారు. తలా నాలుగు. ఎవరి ఊళ్ళో కరిచినా మిగతావాళ్ళు తమవి వెంటనే పంపాలని మాట అనుకున్నారు. చేపను ఎన్ని ముక్కలు చేసినా ఏ ముక్కకా ముక్క కూరకు పనికొస్తుంది. మందు అలాంటిది కాదు. నాలుగు సీసాలతో విషం సగం తగ్గి ఆగదు. ఆ సంగతి ఆ గదిలో ఉన్న ఆరుగురికీ తెలుసు. తెలిసీ ఎవరి సంచి వాళ్ళు తీసుకుని లేచారు.

అలా నేను మరో ముగ్గురితో కలిసి పూర్ణానందంగారి వెంట పడవెక్కి, కృష్ణపాయ దాటి, రేగులంక చేరాను. పడవ ఊగిన ప్రతిసారీ నీళ్ళలో పడిపోతానని గాజు బిగబట్టుకున్నాను. ఆస్పత్రి ఆయన ఇంటి ముందు వసారాలోనే. ఫ్రిజ్జు ఒక్కటే కావటం వల్ల పై అరలో మేం, కింది అరలో ఆయన భార్య సుభద్రమ్మగారి పెరుగు గిన్నె. ఆవిడ మంచి ఇల్లాలు, కాకపోతే ఈ మినిమం ఆర్డరు జబ్బు ఆవిడకూ ఉంది. ఫోనులో ఒక టార్చిలైటు కొనబోయి, రవాణా ఖర్చు తప్పాలంటే ఇంకా కొంత కొనాలన్నారని రెండు ప్లాస్టిక్ మగ్గులు కలిపింది. అంతకు ముందు టీ పొడి కోసం కొన్న మగ్గులు అప్పటికే పెరట్లో మూడున్నాయి. ఊరికే వచ్చిందనుకుని మనుషులు ఇంటి నిండా ఎంత చేరుస్తారో చూస్తే నవ్వొచ్చింది. అక్కడ నేను నవ్వుకున్న రోజులు అవే.

తక్కినవన్నీ భయం రోజులే. కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్జు చప్పుడు ఆగిపోయేది. వెచ్చబడిపోతానని, లోపల పొడి పాడైపోతుందని బెదిరేదాన్ని. పూర్ణానందంగారి భయం నాకంటే పెద్దది. అంతకు ముందటి యేడు ఒక గీత కార్మికుడు పాము కాటుతో వచ్చి, ఇంట్లో మందు లేక, ఆయన చేతుల్లోనే ప్రాణం వదిలాడు. అప్పటి నుంచి ఆయన రోజూ పొద్దున్నే కాఫీకి ముందు ఫ్రిజ్జు తలుపు తీసి, మా నలుగురినీ వేలితో తాకి చూసుకునేవారు. ఆ వేలు వణికేది. దొడ్డి గుమ్మం చూసిన గుర్రం గుర్తుకొచ్చి నేనూ వణికేదాన్ని.

వరికోతలు అయ్యాయి. కుప్పలు నూర్చే రోజులు వచ్చాయి. పనల కింద ఎలుకలు, ఎలుకల కోసం రక్తపింజరలు చేరే కాలమది.

నడిమేరకలో నాంచారమ్మ అనే ఆవిడ, మొగుడు వీరరాఘవులుతో కలిసి కౌలు చేను కుప్ప విప్పుతూ, రెండు చేతులా పన ఎత్తింది. కింద ఉన్న పాము మణికట్టు మీద కరిచింది. వీరరాఘవులు మంత్రాలకూ ఆకుపసర్లకూ పోలేదు. బండి వెనక కూర్చోబెట్టుకుని తిన్నగా హైమావతి దగ్గరికి తెచ్చాడు. చేయవలసింది చేయవలసినట్టే చేశాడు పాపం.

మా వసారాలో ఫోను మోగింది. హైమావతి గొంతు ఫ్రిజ్జు తలుపు దాటి వినబడింది. తన నాలుగూ కలిపి ఎక్కిస్తున్నానని, మిగతా ఐదుగురివీ కావాలని, పట్నం పెద్దాసుపత్రిలో కూడా ఆ పూటకు మందు నిండుకుందని, మీవి నాలుగూ పంపమని చెప్పింది. పూర్ణానందంగారు అలాగేనమ్మా అన్నారు. ఫ్రిజ్జు తీశారు. రెండు సీసాలను మంచుముక్కలున్న డబ్బాలో పెట్టి మనిషినిచ్చి పంపారు. తర్వాత ఆయన చేయి నా మీద ఆగింది. చాలాసేపు ఆగింది. నన్నూ నా పక్కదాన్నీ అలాగే వదిలి తలుపు వేశారు.

మన ఊళ్ళోనూ నూర్పులేగా, కనీసం రెండైనా ఉండొద్దూ అని సుభద్రమ్మగారితో అన్నారు. రెండు సీసాలతో ఎవరూ బతకరని ఆయనకు తెలియదా అని నేను చీకట్లో కొట్టుకున్నాను. ఏనుగు దాహానికి చూరునీళ్ళు అన్న సామెత ఆయన నోటే ఎన్నిసార్లో విన్నాను. భయం పట్టినవాడికి లెక్క కనబడదు, చేతిలో ఉన్నది కనబడుతుంది.

మధ్యాహ్నానికి మొదటి పదీ ఎక్కాయని కబురొచ్చింది. నా గుండె, నాకు ఉంటే, కాస్త కుదుటపడేది. సాయంత్రం ఇంకా వెలుతురుండగానే మళ్ళీ ఫోను. అక్కడి నర్సు గాజు గొట్టంలో నాంచారమ్మ నెత్తురు తీసి, కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూసిందట. గడ్డకట్టవలసిన నెత్తురు నీళ్ళలా జారిపోయిందట. చిగుళ్ళ వెంట కారుతోందట. రెండో విడత పది కావాలి, చేతిలో నాలుగే ఉన్నాయి.

“డాక్టరుగారూ, మీ దగ్గర ఇంకో రెండున్నాయి. ఉన్నపళంగా పంపండి.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది ఆయన పని. వసారాలో అటూ ఇటూ తిరిగే చెప్పుల చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. పంపండి, పంపండి అని మూతి బిగిసిన గొంతుతో అరిచాను. ఎక్కితే నేను ఉండను. అదీ భయమే. కాని నెత్తురు నీళ్ళలా జారుతోందన్న మాట విన్నాక నా సంగతి నాకు గుర్తు లేదు. పూర్ణానందంగారు ఫోనులో చాలా మెల్లగా, ఊరికి కనీసం రెండు ఉండాలి కదమ్మా, మిగతావాళ్ళ దగ్గర చూడు అన్నారు. మిగతావాళ్ళు కూడా సరిగ్గా అదే మాట అన్నారని మాకు అప్పటికి తెలియదు.

ఉన్న నాలుగూ ఎక్కించి, అంబులెన్సులో పట్నం తీసుకెళ్తుండగా దారిలోనే నాంచారమ్మ పోయింది. కబురు విని సుభద్రమ్మగారు పెరుగు గిన్నె కోసం తలుపు తీసి, తియ్యకుండానే మళ్ళీ వేసేసింది. పూర్ణానందంగారు ఆ రోజు నుంచి పొద్దున్నే మమ్మల్ని తాకి చూసుకోవటం మానేశారు.

దినాలు అయిపోయాక ఒక పొద్దుట వసారాలో ఎవరో వచ్చి నిలబడ్డారు. తలగుడ్డ చేతిలో పట్టుకున్న బక్కపలచటి మనిషి. పేరు అడక్కుండానే పూర్ణానందంగారు కుర్చీలోంచి లేచారు. తిడతాడు, మీద పడతాడు అనుకుని ఉంటారు. నేనూ అదే అనుకుని అరలో ముడుచుకున్నాను. వీరరాఘవులు గొంతు పెంచలేదు.

“డాక్టరుగారండీ, ఆ రెండు సీసాలూ ఓసారి చూపిత్తారా?”

పూర్ణానందంగారు ఫ్రిజ్జు తీసి, మా ఇద్దరినీ అతని అరచేతిలో పెట్టారు. గట్టి చేతులు. గడ్డి కోసుకున్న గీతలు ఇంకా మానలేదు. నన్ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. లోపలి పొడి కదిలింది. ఇంతేనాండి అన్నాడు. అని, ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. పారేస్తాడేమో, పగలగొడతాడేమో అని నేను చచ్చిపోతున్నాను. అతను పారెయ్యలేదు. పసిపిల్లని అప్పగించినట్టు రెండు చేతులతో మళ్ళీ డాక్టరుగారికి ఇచ్చాడు.

పూర్ణానందంగారు మమ్మల్ని గుప్పిట్లో పట్టుకుని చివరికి అన్నారు. “నాకు భయమేసింది, వీరరాఘవులూ.”

“తెలుసండి. అందరూ అదే చెప్పారండి.”

అంతే అన్నాడు. తలగుడ్డ చుట్టుకుని, పడవ వేళవుతుందని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక పూర్ణానందంగారు మమ్మల్ని చేతిలో పట్టుకునే చాలాసేపు కూర్చున్నారు. వెచ్చబడిపోతామన్న ధ్యాస కూడా లేదు. తర్వాత లేచి, మంచుముక్కలు తీసి, డబ్బా సర్ది, ఆ మధ్యాహ్నం పడవకే నడిమేరక వచ్చారు. హైమావతి ఎదుటికి వెళ్ళి, డబ్బా బల్ల మీద పెట్టారు. ఆవిడ నర్సును పిలిచింది. నర్సు డబ్బా విప్పి, మమ్మల్ని తీసుకెళ్ళి ఫ్రిజ్జు తలుపు తీసింది.

పై అరలో మా పెట్టె తోబుట్టువులు అప్పటికే నిలబడి ఉన్నారు. నాలుగు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఊరికి ఇద్దరు. వీరరాఘవులు రేగులంక ఒక్కచోటికే రాలేదు. ఐదు ఆస్పత్రులకూ వెళ్ళి, ఐదుగురినీ అదే అడిగాడు. ఐదుగురూ తీసి చూపించారు. ఒకరి తర్వాత ఒకరు, ఒకరికి ఒకరు చెప్పుకోకుండా, తెచ్చి ఇక్కడ పెట్టి వెళ్ళారు. మీవే చివరివి డాక్టరుగారూ అంది నర్సు. పూర్ణానందంగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

ఇప్పుడు నేను ఇక్కడే ఉంటున్నాను. వీధిలో బండి గబుక్కున ఆగినా, ఎవరైనా పరుగున మెట్లెక్కినా వణుకు తప్పదు. తేదీ దగ్గరపడుతోంది, గొయ్యి భయం కూడా పోలేదు. కాకపోతే పక్కన మరో తొమ్మిది మంది ఉన్నారు. మేం మొత్తం పది. ఆ సాయంత్రం నాంచారమ్మకు కావలసింది కూడా పదే.