తుపానులో తెగిన గొట్టం

నేను ఒక బోయాను. ఒడ్డు కనపడనంత దూరంలో లంగరు గొలుసుకు కట్టి, తేలుతూ ఉండమని వదిలేసిన పసుపుపచ్చ డొల్లను. గాలిలో, నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూసి, సముద్రం దాన్ని పీల్చుకుంటోందో వదులుతోందో ఒడ్డుకు కబురు పంపడం నా పని.

నన్ను తయారు చేయించింది హైమవతి అనే శాస్త్రవేత్త. నీళ్లు లోపలికి తీసుకునే రబ్బరు గొట్టాన్ని నా చట్రానికి తన చేతులతోనే బిగించింది. మామూలు రోజుల్లో సముద్రం సంగతి ఆమెకు తెలుసు. తుపానులో ఏం చేస్తుందన్నదే తెలియదు. తుపాను అడుగునీటిని పైకి చిలికినప్పుడు అక్కడ దాగిన వాయువు బయటపడుతుంది. తర్వాత చల్లబడిన నీరు, కొత్తగా పెరిగిన నాచు కొంత తిరిగి పీల్చుకోవచ్చు. చివరికి సముద్రం ఇచ్చిందెక్కువా, పుచ్చుకున్నదెక్కువా? అది తేలాలంటే తుపాను మొదలు నుంచి చివరిదాకా నేను నీళ్లలో ఉండాలి. కానీ హెచ్చరిక వచ్చినప్పుడల్లా, ఖరీదైన సామాను పాడవుతుందని ఆమె పనిచేసే సంస్థ డైరెక్టరు నన్ను ఒడ్డుకు లాగించేసేవాడు. సముద్రం నోరు విప్పే వేళకు నేను గోడౌనులో ఉండేదాన్ని.

ఆ కార్తీకంలో హైమవతి పోట్లాడి నన్ను నీళ్లలోనే ఉంచింది.

గాలి అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. సముద్రం వాయువును వదలడం మొదలుపెట్టింది. నేను కబురు పంపుతూనే ఉన్నాను. మధ్యాహ్నం ఒక చెయ్యి నా చట్రాన్ని పట్టుకుంది. అది వాసుపల్లి ఎల్లాజీ చెయ్యి. వేసిన వలలు తెచ్చుకుందామని తమ్ముడితో వచ్చాడు, పడవ తిరగబడింది. తమ్ముడు పోలయ్య కొద్ది బారల దూరంలో కొట్టుకుంటున్నాడు. ఎల్లాజీ కాలు నాకు తన్నిపెట్టి, గొట్టాన్ని పెరికి అతని వైపు విసిరాడు.

"పట్టుకోరా పోలిగా. ఒదలకు."

పోలయ్య వేళ్లకు అది అందింది. అంతలో ఒక కెరటం మా ముగ్గురి మీదా పడింది. అది దిగేసరికి గొట్టం చివర ఎవరూ లేరు.

నీళ్లు తీసుకునే గొట్టం ఊడాక, పంపడానికి నా దగ్గర కబురేమీ లేదు.

గాలి తగ్గాక సంస్థ ఓడ వచ్చింది. ఎల్లాజీ నా మీద స్పృహ లేకుండా వేలాడుతున్నాడు. హైమవతి ముందు గొట్టం ఊడిన చోటు చూసింది. ఆ తర్వాత మనిషిని చూసింది.

కోలుకున్నాక ఎల్లాజీని సంస్థకు పిలిపించారు. నన్ను పడేసిన వరండాలోనే విచారణ.

"గొట్టం ఎందుకు పీకావు?" అన్నాడు డైరెక్టరు.

"మా తమ్ముడికి అందిద్దామని, బాబూ."

"అది దేనికోసం పెట్టామో తెలుసా నీకు?"

"తెల్దు బాబూ. ఆ యేళ దానికింకో పనుంటాదని తోచనేదు."

తమ్ముడికి అందిందా అని ఎవరూ అడగలేదు.

"వదిలేయండి సార్," అంది హైమవతి. ఆ గొంతులో జాలికన్నా విసుగే ఎక్కువ వినిపించింది నాకు. మందలించి పంపేశారు. తుపానులో సముద్రం వాయువును వదులుతుందని ఆమె సగం లెక్క అచ్చయింది. తిరిగి ఎంత పీల్చుకుందో ఎవరికీ తెలియదు. ఆ సగానికే శాస్త్రవేత్తల సభలో చప్పట్లు కొట్టారట.

నేనిప్పుడు గోడౌను వెనక తుప్పు పడుతున్నాను. నా చోట కొత్త బోయా తేలుతోంది. దాని రూపం హైమవతే గీసింది. గుండ్రంగా, నున్నగా ఉంటుంది. గొట్టాలన్నీ లోపలే అమర్చారు. బయట పట్టుకోవడానికి ఏమీ లేదు.