ఒక్కటే చప్పుడు

"ఉల్లిగడ్డలు కోస్తే వాని చేతులు మండుతయే. నువ్వే కొయ్యరాదు?" అంది సిద్దమ్మ మూడోసారి, కొడుకు అరచేతులకు కొబ్బరినూనె రాస్తూ.

"నాకు మండయా అత్తమ్మా? పద్నాలుగేండ్ల సంది గదే రెజిన్ల నేనూ చేతులు వెడుతున్న. ఒక్కనాడన్న నూనె సీస పట్టుకొచ్చినవా?" వినోద కత్తిపీట ముందు నుంచి లేవలేదు. అలాగని గడ్డలనూ ముట్టుకోలేదు.

"నీయి అలవాటైన చేతులు."

"అవును. నీ కొడుకుయి దొరసాని చేతులు."

అద్దం ముందు జడ వేసుకుంటున్న కూతురు పూజ కిసుక్కున నవ్వింది. ఆ పిల్ల ఇంటర్ చదువుతోంది. తండ్రి మాత్రం నవ్వనూ లేదు, కోపగించుకోనూ లేదు. "ఇయ్యాల టమాట తొక్కుతోనే తిందాం తియ్యి. లొల్లి ఒడుస్తది," అన్నాడు సిద్దిరాములు.

ఆ మంచితనం చూస్తేనే వినోదకు ఒళ్లు మండుతుంది. తిట్టే మొగుడైతే తానూ నాలుగు తిట్టి ఊరుకునేది.

ఎనిమిది నెలల కిందటి దాకా అతను ఒక మందుల కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ. ఆ ఉద్యోగం పోయాక రెండు నెలలు మంచం మీద పడుకుని పైకప్పు రేకులు చూశాడు. చూడలేక వినోదే యజమాని రాఘవేందర్‌ను బతిమాలి, తను పనిచేసే షెడ్డులో పెట్టించింది.

మేడ్చల్ చివర ఉంటుంది ఆ షెడ్డు. రిమోటుతో నడిచే పందెం పడవలకు అక్కడ బలం పోస్తారు. మూరన్నర పొడవుండే పలచని ఫైబర్ బాడీలు డబ్బాల్లో వస్తాయి. ఉన్నవి ఉన్నట్టు నీళ్లలో వదిలితే ఆ వేగానికి ఒక్క అల దెబ్బకే చీలిపోతాయి. లోపలి వైపు నల్లటి కార్బన్ గుడ్డ పరిచి, రెజిన్ అనే ఘాటైన జిగురు పట్టించి, గాలి బుడగ మిగలకుండా వేళ్లతో అద్దాలి. బాడీ అంతా ఒక ఎత్తు, సన్నగా వంపు తిరిగే ముక్కు ఒక ఎత్తు. అక్కడే గుడ్డ ముడతలు పడుతుంది.

వినోదకు ఎవరూ నేర్పలేదు. ఎన్ని బాడీలు పాడుచేసిందో, ఎన్ని చివాట్లు తిన్నదో. చివరికి ఒకరోజు జాకెట్టు ఇవ్వడానికి పోయి, టైలరు మెడ పట్టీ గుడ్డను ఐమూలగా కోయడం చూసింది. మర్నాడు కార్బన్ గుడ్డనూ అలాగే కోసి చూసింది. అది వంపులో సాగి, చర్మంలా అతుక్కుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి ఆమెకు మూడేళ్లు పట్టింది. సిద్దిరాములుకు మొదటిరోజు సాయంత్రమే, చాయ్ తాగుతూ చెప్పేసింది.

ఆ రోజు వాళ్లు షెడ్డులో అడుగు పెట్టేసరికి రాఘవేందర్ కొత్త డబ్బాలు విప్పుతున్నాడు.

"అన్నా, పై ఆదివారం శామీర్‌పేట కాడ పోటీ. నాలుగు బోట్లు. నువ్వే పట్టుకో. నీ వేళ్లు పొడుగు, ముక్కు దాంక మస్తుగ పోతయి." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు అన్నకు గుడ్డ కోసియ్యి."

పోటీ పడవలు ఇన్నేళ్లూ వినోదవే. ఆమె కత్తెర తీసుకుని ఐమూలగా ముక్కలు కోసి, ఒక్కొక్కటి అందించింది. అతను నాలుక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి అద్దుతున్నాడు. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా తీయడు. తీసినా ఒలకబోస్తాడు. ఆ చేతులేనా ఇవి?

"ఇట్లనేనా వినోదా?"

"నీకు తెల్వదా?"

అతను తెల్లబోయి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

మధ్యాహ్నం రాఘవేందర్ ఇంటికి పోయాడు. సిద్దిరాములు బీడీ కోసం రోడ్డు మీదికి పోయాడు. వినోద కొంగుముడి విప్పి రూపాయి బిళ్ళ తీసింది. నిన్న చేసి ఆరబెట్టిన బాడీలు రెండు బల్ల మీద ఉన్నాయి. ఒకటి తనది, ఒకటి అతనిది. గుడ్డ కింద గాలి చిక్కితే బిళ్ళతో కొట్టినప్పుడు 'డొబ్బు'మంటుంది. బాగా అతికితే 'టక్కు'మంటుంది.

అతని బాడీని తోక నుంచి మొదలుపెట్టింది. టక్, టక్, టక్. ముక్కు దగ్గర చెవి ఆనించి కొట్టింది. టక్. మళ్లీ మొదటికొచ్చింది. ఒక్కచోట డొబ్బుమంటే చాలు, ఒక్కచోట. అలా మూడుసార్లు వెతికింది. ఆ తర్వాత తన బాడీని కొట్టింది. టక్. కళ్లు మూసుకుని రెండింటినీ మార్చి మార్చి కొట్టింది. ఏది ఎవరిదో ఆమె చెవికే తెలియలేదు. పద్నాలుగేళ్ల చప్పుడూ ఆరు నెలల చప్పుడూ ఒక్కటే.

అతనిది పాడైపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

బిళ్ళను ముడేసుకుని, షెడ్డు వెనక్కి పోయి జంగమ్మకు ఫోన్ చేసింది. పాత స్నేహితురాలు. ఇప్పుడు దూలపల్లిలో ఇంకో ఫైబర్ షెడ్డులో పనిచేస్తోంది. మనుషులు కావాలని ఆమె రెండుసార్లు చెప్పింది. వినోదే నవ్వేసి ఊరుకుంది. ఈసారి నవ్వలేదు. సాయంత్రం రాఘవేందర్‌తోనూ రెండు ముక్కలు మాట్లాడి బయటపడింది. షేర్ ఆటోలో పక్కనే కూర్చున్న మొగుడికి మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

పొద్దుగూకాక నలుగురూ తింటున్నారు. సిద్దమ్మ కొడుకు పళ్లెంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

"సోమారం సంది నేను దూలపల్లి పోత," అంది వినోద, గొంతు పెంచకుండా. "జంగమ్మోళ్ల షెడ్డుకు. సారుకు గూడ చెప్పిన."

"గాడ ఏం జేస్తరే?" అంది సిద్దమ్మ.

"కార్ల బంపర్లు."

"గా మోటు పని నీకెందుకు?" అన్నాడు సిద్దిరాములు. "కార్బన్ ఉండది గాడ."

"ఉండది."

"మరి?"

"నువ్వు గూడ ఉండవు."

పూజ ముద్ద నోటి దగ్గర ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. సిద్దమ్మ పప్పు గరిటెను గిన్నెలో పెట్టేసింది. సిద్దిరాములు కలిపిన అన్నాన్నే మళ్లీ కలిపాడు.

"నేనే మానుకుంట. నువ్వుండు," అన్నాడు చివరికి.

"వద్దు. నీ చెయ్యి మంచిగున్నది."

ఈ ఆరు నెలల్లో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. అది అనేసి, లేచి, తన పళ్లెం ఒక్కటే కడుక్కుంది.

మేడ్చల్ షెడ్డులో, ఆమె నిలబడే చోటి మేకుకు, పనిలో చీర మీద తొడుక్కునే పాత ఫుల్ చేతుల చొక్కా వేలాడుతూనే ఉంది. ఏళ్ల తరబడి రెజిన్ కారి కారి బిర్రబిగిసిపోయి, లోపల మనిషి లేకున్నా మోచేతులు వంచుకునే ఉంది.