అడవిరాణి ముఖం

పక్షవాతంతో బొమ్మలు గీసే అక్క కుడిచేయి పడిపోయాక, అక్కాతమ్ముళ్లు తయారుచేస్తున్న వీడియో గేమ్‌లో అడవిరాణికి ముఖం లేకుండా పోయింది. తమ్ముడు చూసి చూసి, ఆ పాత్రను గీసి పంపండని ఆన్‌లైన్‌లో ఆ ఆట కోసం ఎదురుచూస్తున్న అభిమానులను పిలిచాడు.

"నా రాణిని బజారున పెట్టావురా," అంది అక్క. ఆ పూట తిండి ముట్టలేదు.

బొమ్మలు వెల్లువలా వచ్చాయి. పెదవి విరుస్తూ చూస్తున్న అక్క ఒకదాని దగ్గర ఆగిపోయింది. తను ఎన్నిసార్లు గీసినా రాణి కళ్లలో కోపమే పలికేది. ముక్కూ మొహం తెలియని అమ్మాయెవరో అక్కడ అలసట పెట్టింది, యుద్ధం గెలిచాక తనవాళ్ల శవాలు వెతుక్కునే అలసట.

అక్క తమ్ముణ్ణి పిలిచి ఆ బొమ్మ చూపించింది.

"చేయి బాగున్న రోజుల్లో కూడా నేనిలా గీయలేకపోయాన్రా. ఒక్క గీత మార్చకు. రాణి కింద ఆ పిల్ల పేరే వెయ్యి."

"మరి నీ పేరక్కా?"

"ఆ తర్వాత వెయ్యి," అంది, ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంటూ.