ఎడమకాలికి ఫెల్ట్

మా బావ పోయి మూడు నెలలు. చేపలు పట్టడానికి ఏట్లో దిగి, జారి, తల రాయికి కొట్టుకుని పోయాడు. ఆ రోజు ఆయన కుడికాలి బూటు కింద మేకులు కొట్టిన రబ్బరు సోలు ఉంది, ఎడమకాలి బూటు కింద ఫెల్ట్ సోలు ఉంది. రెండూ వేసింది నేనే. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా కాలు జారిందట పాపం అన్నారు. ఏ కాలని ఒక్కరూ అడగలేదు. నేను మాత్రం మూడు నెలలుగా కంచం ముందు కూర్చుని కూడా అదే అడుక్కుంటున్నాను.

నాది బూట్లు బాగుచేసే కొట్టు. ఏరు దగ్గర కావడంతో నా పనిలో సగం ఏట్లో దిగే బూట్లే. గాలం పట్టుకుని నడుం లోతు నీళ్ళలో గంటల తరబడి నిలబడే మనుషులకి అంతా అరికాలి కిందే ఉంటుంది. అందుకే సోళ్ళ ప్రస్తావన వస్తే ఎంత నెమ్మదస్తుడైనా ఒంటికాలి మీద లేస్తాడు. ఇక మా బావ సంగతి చెప్పక్కర్లేదు.

ఫెల్ట్ అంటే నొక్కి గట్టిపరిచిన ఉన్ని అట్ట, బొటనవేలంత మందం. నాచు పట్టిన రాయి మీద అది పట్టినట్టు ఇంకేదీ పట్టదని బావ వాదన. నిజమే, నాకు తెలియక కాదు. కానీ ఒడ్డున తడిగడ్డి మీద అది సబ్బుముక్కే. ఒకసారి తడిస్తే రెండు రోజులు ఆరదు, ఒక ఏటి నాచును ఇంకో ఏటికి మోసుకుపోతుంది, ఏడాది తిరిగేసరికి అరిగి చాపలా అవుతుంది. రబ్బరుకు నాలుగు మేకులు కొట్టుకుంటే బురదలోనూ నిలుస్తుంది, రాయి మీదా నిలుస్తుంది. ఈ ముక్క పందొమ్మిదేళ్ళు చెప్పాను. చెవిన పెడితేగా! ఆ మేకుల టకటకకి చేపలు మూటాముల్లె సర్దుకుని పోతాయని, చివరికి నీ రబ్బరూ నేనూ మిగులుతామని వెక్కిరించేవాడు. నేను ఆయన ఫెల్టును ముసలమ్మ దుప్పటి అనేవాణ్ణి. బావాబావమరుదులం కదా, మాకు అదే కాలక్షేపం. అక్క కూడా నవ్వుకునేది, కొన్నాళ్ళు. తర్వాత్తర్వాత మేం మొదలుపెట్టగానే లేచి లోపలికి పోయేది.

ఆయన పాత సోళ్ళు రెండూ అరిగిపోయి బూట్లు నా కొట్టుకి తెచ్చిన రోజున మళ్ళీ అదే పాట. ఆయనతో పాటు చేపలకి వెళ్ళే పోస్ట్‌మాన్ కూడా అక్కడే బల్ల మీద కూర్చున్నాడు. వినీ వినీ విసుగెత్తి, ఇంత గొడవెందుకయ్యా, ఒక కాలికి అదీ ఒక కాలికి ఇదీ వేసుకుని తేల్చుకోండి అన్నాడు. వేళాకోళానికన్న మాట. బుద్ధున్నవాళ్ళయితే నవ్వి ఊరుకుంటారు. మాకది లేదు. బావ బల్ల మీద చరిచి సరే అన్నాడు. నేనూ సై అన్నాను. ఏ కాలు ముందు జారితే ఆ సోలు తరఫువాడు ఓడినట్టు, ఓడినవాడు జన్మలో ఇంక నోరెత్తకూడదని పందెం. నీళ్ళలో నడిచేవాడికి రెండు కాళ్ళూ ఒకేలా పట్టాలని, ఒకటి పట్టి ఒకటి జారితే అంతకంటే ప్రమాదం లేదని మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

కుడి బూటుకి రబ్బరు వేసినప్పుడు నేను పని ఎంత శ్రద్ధగా చేశానో ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. అడుగంతా ఆకురాయితో గరుకు చేశాను, దుమ్ము తుడిచాను, అతికించే సొల్యూషన్ రెండు పూతలు రాశాను, అంచు చుట్టూ కుట్టాను, మేకులు ఒక్కొక్కటీ కొలిచి కొట్టాను. తర్వాత ఎడమది తీసుకున్నాను. ఫెల్ట్ అతికించేటప్పుడు మొదటి పూతను ఉన్ని తాగేస్తుంది. పట్టుకునేది రెండో పూత. ఇది నేను పని నేర్చుకున్న మొదటి వారంలోనే నేర్చుకున్న సంగతి. నేను ఒక్క పూత రాసి, అతికించి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి పక్కన పెట్టాను. తొందరేమీ లేదు. డబ్బా నిండుగానే ఉంది. ఆయన మర్నాటి సాయంత్రానికి గానీ రానన్నాడు. చెయ్యి సాగలేదు, అంతే. కాదు, అంతే కాదు. అబద్ధమెందుకు? ఆ ఫెల్ట్ అంచు కాస్త లేవాలని, ఆయన నీళ్ళలో తూలి, తడిసి ముద్దయి ఒడ్డుకొచ్చి తల గోక్కోవాలని నాకు మనసులో ఉంది. మా బావ చచ్చిపోవాలని ఎందుకనుకుంటాను? ఓడిపోవాలనుకున్నాను.

ఆదివారం పొద్దున వెళ్ళాడు. పోస్ట్‌మాన్ ఏటికి దిగువన యాభై అడుగుల దూరంలో ఉన్నాడట. చప్పుడు విని తిరిగేసరికి ఆయన నీళ్ళలో బోర్లా ఉన్నాడట. ఏ కాలు జారిందో అతను చూడలేదు. బూట్లు ఎవరో విప్పి గోనెసంచిలో పెట్టి అక్కకి ఇచ్చారు. అక్క ఆ సంచి మూతి కట్టి మెట్ల కింద పెట్టింది. వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు ఆ మెట్ల కిందికే పోయేవి. ఫెల్ట్ ఊడకుండా ఉంటే నేను బతికిపోయినట్టే. ఊడి ఉంటే ఏమిటన్నది ఆలోచించడానికి కూడా ధైర్యం చాలేది కాదు.

నిన్న మధ్యాహ్నం వాన పడుతుండగా అక్క ఆ సంచి పట్టుకుని కొట్టుకి వచ్చింది. మూడు నెలల్లో మనిషి సగమైంది. బల్ల మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుని, పోస్ట్‌మాన్ బూట్లు చినిగిపోయాయనీ, అతనిదీ బావదీ ఒకటే కొలతనీ, అడగలేక అడగలేక అడిగాడనీ చెప్పింది. ఇంట్లో పెట్టుకుని తను చేసేదేముంది, ఇచ్చేద్దామనుకుంటోంది. రెండిటికీ ఒకే రకం సోలు, ఏది మంచిదైతే అది వేసిపెట్టమంది. వాళ్ళకి పిల్లలు లేరు. నేను పెళ్ళి చేసుకోలేదు. అక్కకి ఏ పని పడినా నా దగ్గరికే వస్తుంది.

సంచి విప్పాను. పైన కుడి బూటు. రబ్బరు చెక్కు చెదరలేదు, మేకు ఒక్కటి పోలేదు. ఎడమది చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలి దగ్గర్నించి నడి పాదం దాకా ఫెల్ట్ ఊడి వేలాడుతోంది. తడిసి మూడు నెలలు సంచిలో ఉంది కదా, తర్వాత ఊడి ఉంటుందిలే అని మనసు ఒక్క క్షణం సాకు వెతికింది. వేలు పెట్టి చూశాను. ఊడిన సందులో, మడమ వైపు మూల దాకా, సన్నటి ఏటి ఇసుక దట్టంగా దూరి ఉంది. సంచిలో ఊడితే అంత లోపలికి ఇసుకెలా పోతుంది? నీళ్ళలోనే నోరు తెరిచింది. ఆయన అడుగు వేసినప్పుడు ఆ ఊడిన ముక్క కాలి కింద మడత పడి ఉంటుంది.

అక్క నా చేతిలోని బూటు వైపు చూసింది. చూసి, ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా బయట పెట్టింది. ఆ మనిషికి పెడసరం అంది. పందొమ్మిదేళ్ళు నువ్వు చెప్తూనే ఉన్నావు, నీ మాట విని రెండు కాళ్ళకీ రబ్బరు వేయించుకుని ఉంటే ఇవాళ నా ముందు తిరుగుతూ ఉండేవాడు అంది. చేపలూ కావాలి, పంతమూ కావాలి, పెళ్ళాం ఒక్కతే అక్కర్లేకపోయింది అంది. చివరికి నా చెయ్యి పట్టుకుని, "నువ్వే రైటురా తమ్ముడూ, ఆయనదే తప్పు" అంది.

ఎన్నేళ్ళు కాచుకున్నానో ఆ మాట కోసం! అక్క నోట రావాలని, అదీ బావ ఎదురుగా రావాలని. ఇప్పుడది వింటూ ఆవిడ చేతిలోంచి నా చెయ్యి మెల్లగా విడిపించుకున్నాను. ఊరుకుని ఉంటే సరిపోయేది. ఫెల్ట్ పీకి అవతల పారేసి, రబ్బరు వేసి, పోస్ట్‌మాన్‌కి ఇచ్చేస్తే ఎవడడుగుతాడు? కానీ బావ ఓడిపోలేదు. ఓడిపోనివాణ్ణి, తిరిగి ఒక్క మాట అనలేనివాణ్ణి, ఓడినవాడిగా నిలబెట్టడం నా వల్ల కాలేదు.

"అక్కా, ఫెల్ట్ జారలేదు. ఊడింది. రెండు పూతలు రాయాలి, నేను ఒకటే రాశాను."

మర్చిపోయావా అంది. లేదన్నాను. మరి అంది. పందెంలో నేను గెలవాలని అన్నాను. ఆ మాట అంత చిన్నగా ఉంటుందని నాకు తెలియదు.

అక్క అరవలేదు. ఏడవలేదు కూడా. ఖాళీ గోనెసంచిని ఒళ్ళో పెట్టుకుని మడవడం మొదలుపెట్టింది. మధ్యలో ఎవరో చెప్పులు కుట్టించుకోవడానికి వస్తే రేపు రమ్మని పంపించేశాను. ఊడిన అడుగు కనబడకుండా బూటును గోడ వైపు తిప్పి పెట్టాను. అప్పుడు మాట్లాడింది.

"నేను ఆయన్ని తిట్టుకుంటూ బతుకుతున్నానురా. పొద్దున లేచి తిడతాను, పొయ్యి ముట్టించి తిడతాను. తిడుతున్నంతసేపూ ఏడుపు రాదు. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను?"

నన్ను తిట్టమన్నాను. కొట్టినా పడతానన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"నిన్ను తిట్టి ఇంకెవరింటికి పోను?" అంది. "కడుపులో పెట్టుకోవాల్సిందిరా ఇది. నీ బరువు దించుకున్నావు. నా నెత్తిన పెట్టావు."

మంచి పని చేశాననుకుని నోరు తెరిచాను. ఆ మంచి ఎవరికో ఆలోచించలేదు. సోలు వేసిన రోజునా అంతే, నా సంగతే చూసుకున్నాను.

లేచి గుమ్మం దాకా వెళ్ళి, వీధి చూసి వెనక్కి వచ్చింది. దారంతా జారుతోంది, ఇంటిదాకా దిగబెట్టు అంది. గొడుగు తీశాను. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. వీధిలో నీళ్ళు కాలువ కట్టి పారుతున్నాయి. రాళ్ళు పరిచిన దారంతా చిత్తడి. పడతానేమోనని ఆవిడ నా చెయ్యి రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుంది. పట్టుకోవడం ఆవిడకి ఇష్టం లేదని ఆ వేళ్ళలోనే తెలుస్తోంది. వేరే ఆసరా లేదు. రొట్టెల దుకాణం దాటాం, పోస్టాఫీసు దాటాం. దార్లో ఎదురైన టీచరమ్మ మమ్మల్ని చూసి ఆగి, అక్కకి తమ్ముడున్నాడు, అదృష్టం అంది. అక్క తలూపింది.

గుమ్మం దగ్గర నా చెయ్యి వదిలి గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. లోపలికి రమ్మనలేదు. తలుపు వేసి గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. నేను వాన తగ్గేదాకా మెట్ల మీదే నిలబడ్డాను.